యూనియన్ క్లబ్ పసుపు కాలర్లు

తెలంగాణ వచ్చిన తర్వాత రెండో చలికాలం. అప్పుడు నేను నల్లగొండలో ఒక దినపత్రికకు స్టాఫ్ రిపోర్టరుని. రామన్నపేట వైపున్న ఒక చిన్న పట్టణంలో ఫుట్‌బాల్ టోర్నమెంటు ప్రారంభ సభకు వెళ్లాను. ఎప్పుడో మూతబడ్డ యూనియన్ క్లబ్ పేరుమీద జరుగుతున్న మొదటి టోర్నమెంటు అది. ఆ పాత జట్టులో బతికున్నది దానియేలు గారొక్కరే. కరెంటు ఆఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి. దండ వేయించుకున్నారు, శాలువా కప్పించుకున్నారు. పాత రంగుల్లో కుట్టించిన కొత్త జెర్సీని కమిటీ అధ్యక్షుడు తొడగబోతే మాత్రం రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు.

"ఏంది తాతా, సైజు సాల్తలేదా?" అని ముందు వరుసలోంచి ఎవరో అరిచారు. జనం నవ్వారు. ఆయన మెట్లు దిగి వెళ్లిపోయారు.

ఆ జెర్సీకి ఆ రంగులు నా కథనం చూసి పెట్టినవే. కొత్త రాష్ట్రం వచ్చాక జిల్లా పేజీల్లో ఊళ్ల చరిత్రకు చోటు పెరిగింది. వార్తలు దిద్ది పేజీ పెట్టే డెస్క్ వాళ్లు వారం వారం ఏదో ఒక పాత సంగతి అడిగేవారు. యూనియన్ క్లబ్ ఫోటో ఒకటి నాకు దొరికింది. నలుపు తెలుపు ఫోటో. అందరి చొక్కాలూ ఒకటే, నలుగురి కాలర్లు మాత్రం లేత రంగు. చొక్కా నీలం, ఆ కాలర్లు పసుపు అని అప్పటి కెప్టెన్ తమ్ముడు చెప్పారు. గోల్‌కు అడ్డం నిలిచే బ్యాకులను దూరం నుంచి గుర్తుపట్టడానికి అలా కుట్టించారన్నారు. ఒక్కరి మాట మీద రాయకూడదన్నది మా నియమం. గోల్‌కీపరు కొడుకునూ అడిగాను. ఆయనా అదే చెప్పారు. 'పసుపు కాలర్ల కోట' అని శీర్షిక పెట్టి పంపాను. దానియేలు గారి ఇల్లు చర్చి వెనక వాడలో ఉంది. అటు వెళ్లలేదు.

సభ మర్నాడు వెళ్లాను. కుర్చీ వేసి, టీ తెప్పించాకే మాట్లాడారు.

"గా కాలర్ బ్యాకులదని ఎవలు జెప్పిన్రు సారూ నీకు? నేను సెంటర్ ఫార్వర్డ్ ఆడిన. నాగ్గూడ పసుపుదే ఉండె. ఫోటో సక్కగ జూసినవా?"

తర్వాత అసలు సంగతి చెప్పారు. చొక్కాలు క్లబ్బువి. ఆట అయ్యాక అన్నీ ఒకేచోట ఉతికించి పెట్టెలో పెట్టేవారు. మళ్లీ ఆట ఉన్నరోజు ఎవరి చేతికి ఏది వస్తే అది తొడుక్కోవడమే. వాడ నుంచి వచ్చిన నలుగురు తొడిగిన చొక్కాలు తమ పిల్లల ఒంటి మీదికి రాకూడదని కొన్ని ఇళ్లవాళ్లు పట్టుబట్టారు. కలిసిపోకుండా ఆ నాలుగింటికీ పసుపు కాలర్ కుట్టించారు.

"గోల్ గొడితే భుజాల మీద ఎత్తుకొని తిప్పేటోళ్లు. అంగి కాడికొచ్చేసరికి మా వాడ యాదికొస్తుండె," అన్నారు. ఇది చెబుతున్నంతసేపూ తల ఎత్తలేదు. సిగ్గుపడవలసింది ఆయన కాదు.

సవరణ వేయిస్తానన్నాను. వద్దన్నారు. "మా మనుమడు గా టోర్నమెంట్ల బ్యాక్ ఆడుతాండు. నువ్వు రాసింది కోసి అద్దానికి అంటువెట్టిండు. మా తాత తొడిగిన కాలరని దోస్తులకు జూపెడుతాండు. గిది ఎర్కైతే వాడు మళ్ల గ్రౌండ్ మొకం జూస్తడా? నిన్న నాతోనైతే తొడుగుడు కాలేదు. వాణ్నన్న తొడగనియ్. నేనున్నన్ని రోజులు రాయకు. పోయినంక నీ ఇష్టం."

తప్పు వార్త పడితే బ్యూరో ఇన్‌చార్జికి రాసివ్వాలి. తప్పేమిటో, అది తప్పని ఎవరు చెప్పారో రెండూ ఉండాలి. రెండోది నేను రాయలేను. కనీసం ఆ కాలర్లు తీయిద్దామని కమిటీ అధ్యక్షుణ్ని కలిశాను. ఆయన పకపకా నవ్వారు. "గిదేందన్నా, పేపర్ల రాసింది నువ్వే, వద్దంటున్నది నువ్వేనా? కారణం జెప్పు, ఇయ్యాల్నే తీపిస్త." చూడటానికి బాగాలేదన్నాను. "కుట్టిచ్చినంక జెప్తవా!" అని నాకే ఒక జెర్సీ చేతిలో పెట్టి పంపారు.

ఆ నెల బ్యూరో సమావేశంలో జిల్లా పేజీల్లో వచ్చిన మంచి కథనమని దాన్నే చదివి వినిపించారు. అందరితోపాటు చప్పట్లు కొట్టలేక, ఆపమని చెప్పలేక కూర్చున్నాను. నా పక్కనున్న ఫోటోగ్రాఫరు భుజం తట్టాడు.

ఒకే అరుగు మీద కూర్చునేవాళ్లు ఇద్దరు చెప్పినా అది ఒక్కరి మాటేనని ఆ కథనం వల్ల తెలిసింది. తర్వాత మండల విలేకరుల శిక్షణలో ఈ మాట చాలాసార్లు చెప్పాను. ఎక్కడ తెలిసిందో చెప్పలేదు.

దానియేలు గారు చనిపోయారు. ఇక్కడ రాసింది ఆయన అసలు పేరు కాదు. ఊరి పేరు రాయలేదు. టోర్నమెంటు నడుస్తూనే ఉంది. మనుమడు ఇప్పుడు ఆ ఊళ్లో ఆట నేర్పుతున్నాడు. పోయిన చలికాలం వెళ్లి చూస్తే బ్యాకులందరికీ పసుపు కాలర్లే ఉన్నాయి. అవి ఎందుకని కొత్తగా చేరినవాళ్లు అడిగితే, నా కథనంలో ఉన్నదే అతను చెబుతున్నాడు.