ఓదెలు పెట్టిన పేర్లు

పంజాగుట్టలో బట్టలు సరిచేసే ఓదెలుకు ముప్పై ఒకటో ఏడు నడుస్తోంది. సిరిసిల్ల మగ్గాల ఇంట్లో పుట్టినవాడు. ఇంటర్వ్యూలకు పరుగెత్తే పిల్లల రెడీమేడ్ ప్యాంట్లు పొట్టి చేయడం, నడుము బిగించడం అతని పని. పనికి వంక పెట్టేందుకు లేదు గానీ మనిషికే కుదురు లేదు. మధ్యాహ్నం రెండయిందంటే మిషన్ తొక్కే కాలు వట్టి నేల మీద ఊగడం మొదలుపెడుతుంది. ఇక సూదిలో దారం కూడా ఎక్కదు. షట్టర్ సగం దించి, అన్నం డబ్బా చంకన పెట్టుకుని, కంప్యూటర్ కోర్సుల మైత్రీవనం వెనక సెల్లార్లో ఉన్న రాజనర్సయ్య నెట్ సెంటర్‌కు పోతాడు. "పెండ్లాం పిలిస్తె గింత ఉరుకుతవా?" అని భార్య మంజుశ్రీ దెప్పుతూనే ఉంటుంది.

అక్కడ ఆడేది తుపాకుల ఆట. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. అవతలివాళ్లు ఏ సనత్‌నగర్‌లోనో కూర్చుని ఇంటర్నెట్ లైను మీద ఆడతారు. తూటా తగిలి చచ్చినవాడు ఆ రౌండు ముగిసేదాకా తెర మీద మిగతా ఆటంతా చూస్తూ కూర్చోవాలి. ఈ ఆటలో మొనగాడెవరని అడిగితే అందరూ ఒకటే చెబుతారు, ఎక్కువ మందిని లేపినవాడని. రాజనర్సయ్య నమ్మిందీ అదే. గోడకు తెల్లబోర్డు తగిలించి, ఎవడు ఎంతమందిని లేపాడో రోజూ రాసేవాడు. ఐదేళ్లుగా ఆ బోర్డు అడుగున ఓదెలు పేరే ఉండేది.

అయినా ఓదెలు ఉన్న జట్టే గెలిచేది. దానికి కారణం అతని వేళ్లు కావు, నోరు. ఆటలోని సందులకు, మెట్లకు ఏవో ఇంగ్లీషు పేర్లుండేవి. ఒక్కొక్కరు ఒక్కో తీరుగా పలికేవాళ్లు, చెప్పేది అర్థమయ్యేలోపు ప్రాణం పోయేది. విసుగెత్తి ఓదెలే వాటికి మన పేర్లు పెట్టాడు. అందరూ వచ్చి గుద్దుకునే నడిమి జాగా మైత్రీవనం. పొడుగాటి రోడ్డు బేగంపేట. పల్లంలో ఉన్న సందు బల్కంపేట. మూలనున్న చీకటి గదికి పిచ్చాసుపత్రి ఉన్న ఎర్రగడ్డ పేరు, ఎందుకంటే అక్కడికి ఒంటరిగా పోయేవాడికి తల తిరిగినట్టే లెక్క. "బేగంపేటల ఇద్దరున్నరు, ఒకడు దెబ్బ తిన్నడు, సురేశ్ జర ఆగు" అంటూ జట్టువాళ్లకు మాట తెగకుండా చెప్పేవాడు. చాలామంది చావగానే మౌసును బాదుతారు, పక్కవాణ్ణి తిడతారు. ఓదెలు చచ్చినా అతని నోరు చావదు, ఎవడు ఎటు పోతున్నాడో చెబుతూనే ఉంటుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా?

రెండువేల ఏడు ఎండాకాలంలో దుర్గేష్ వచ్చాడు. కాకినాడ కుర్రాడు, మైత్రీవనంలో జావా నేర్చుకుంటున్నాడు. మౌసు పట్టుకుంటే ఆ వేళ్లు మనిషివి కావు. రెండు వారాల్లో బోర్డు పైకి ఎక్కి కూర్చున్నాడు. మాట మాత్రం లేదు. మొదటిరోజు "ఓదెలు గారూ, ఇది ఎలా అండీ?" అన్న ఆ కాకినాడ యాసకు సెల్లారంతా పడీపడీ నవ్వింది. అప్పటినుంచి నోరు కుట్టేసుకున్నాడు. హాస్టల్ నుంచి మైత్రీవనం దాకా ఉన్న దారి తప్ప అతనికి ఈ ఊరు తెలియదు. బల్కంపేట పైన ఉందో కింద ఉందో ఎవర్నీ అడగలేదు, అన్నిటికీ తల ఊపేవాడు.

ఏకు మేకయ్యే వేళ దగ్గరపడిందని ఓదెలుకు అర్థమైంది. ఆదివారం పొద్దున కృష్ణానగర్ జట్టుతో పెద్ద పోటీ ఉంది. నాలుగు కుర్చీలకు మనుషులు కుదిరారు. ఐదో కుర్చీ ఓదెలుదా, దుర్గేష్‌దా?

"శనివారం సురేశ్ ఇంటర్వ్యూకు పోతుండు. ఆ రోజు సనత్‌నగరోళ్లతోని మీరిద్దరు సుత ఆడుండ్రి. ఎవడు ఎక్కువ లేపితె వాడే కూసుంటడు" అని రాజనర్సయ్య తేల్చేశాడు.

మూడు రోజులు ఓదెలు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి ప్యాంటు ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి కుట్టి తిట్లు తిన్నాడు. ఆ కుర్చీలో కూర్చున్న గంటసేపే అతను నలుగురికి అవసరమైన మనిషి. దుకాణంలో అతని మొహం ఎవరు చూస్తారు? వచ్చినవాళ్లందరూ ప్యాంటు కింది అంచు వైపే చూస్తారు. శుక్రవారం సాయంత్రానికి మనసు గట్టి చేసుకున్నాడు. రేపు నోరు విప్పకూడదు, తన లెక్క తాను చూసుకోవాలి.

అన్నట్టే శనివారం మౌనంగా ఆడాడు. మూలల్లో నక్కి, సొంతవాళ్లు చస్తుంటే చూస్తూ, వాళ్లను చంపి వచ్చేవాళ్లను వెనకనుంచి లేపాడు. ఐదేళ్లలో ఎన్నడూ లేనిది, తొమ్మిదిమంది! దుర్గేష్ ఎనిమిది దగ్గరే ఆగాడు. ఎటునుంచి ఎవడొస్తున్నాడో చెప్పే దిక్కు లేక జట్టు మాత్రం చిత్తుగా ఓడిపోతోంది. "ఏందన్నా, నోట్లె ఏమన్న పెట్టుకున్నవా?" అని పక్కవాడు అరిచాడు. ఓదెలు తెరకేసి ఇంకా దగ్గరగా వంగాడు. సిగ్గేసింది.

చివరి రౌండు. ఓదెలు చచ్చాడు, మిగతా ముగ్గురూ చచ్చారు. మిగిలింది దుర్గేష్ ఒక్కడే, అవతల ఇద్దరు. వాళ్లు పల్లపు సందులోంచి దుర్గేష్ మీదికి పాకుతూ రావడం ఓదెలుకు తెర మీద కనిపిస్తోంది. దుర్గేష్ చస్తే కుర్చీ ఓదెలుదే. బల్ల కింద కాలు ఊగిపోతోంది.

"బల్కంపేట!" అని అరుపు దానంతటదే వచ్చేసింది.

దుర్గేష్ బేగంపేట వైపు తిరిగాడు. వాడికి ఆ పేరు తెలియదని ఓదెలుకు ఆ క్షణంలోనే తట్టింది. చెప్పానుగా, వాడికి తెలియకపోతే నా తప్పా అని ఊరుకోవచ్చు. అడిగేవాడు కూడా ఉండడు. ఆ మాట మనసులో పూర్తి కాకముందే లేచి నిలబడ్డాడు.

"గటు కాదు! నీ ఎడమచెయ్యి దిక్కు, కింద సందు! ఇద్దరున్నరు!"

దుర్గేష్ గిర్రున తిరిగాడు. రెండు తూటాలు, ఇద్దరూ పడిపోయారు. రాజనర్సయ్య బోర్డు మీద దుర్గేష్ పేరు పక్కన పది వేసి, ఆదివారం జట్టులో ఆ పేరే రాశాడు.

మెట్లెక్కుతున్న ఓదెలు వెనక దుర్గేష్ పరుగెత్తుకొచ్చాడు. "ఓదెలు గారూ, రేపు మీరు లేకపోతే నేనేం ఆడతానండీ? ఆ పేర్లేవీ నాకు తెలీవు."

"నా కుర్చి గుంజుకొని మల్ల నన్నే అడుగుతున్నవా?" అని ఓదెలు విసురుగా మొహం తిప్పుకున్నాడు. నాలుగు మెట్లు ఎక్కాడు. ఆగాడు. జేబులోంచి బట్టల మీద గీతలు గీసే సుద్ద తీసి, మెట్టు మీదే కూర్చుని గీయడం మొదలుపెట్టాడు. "గిది మైత్రీవనం. గీడికెల్లి దిగితె బల్కంపేట. ఎవడన్న కనవడంగనె చెప్పాలె. చచ్చినంక సుత చెప్పాలె. నవ్వితె నవ్వనియ్యి, సమజైందా?" సుద్ద అరిగి గోరంత అయ్యేదాకా దుర్గేష్ చేత తిరిగి చెప్పించుకుని గానీ వదల్లేదు.

ఆదివారం ఓదెలు కుర్చీల వెనక గోడకానుకుని నిలబడ్డాడు. ఆడనివాళ్లు పెదవి కదపకూడదని షరతు. రెండు రౌండ్లు పోయాయి. మూడోదాంట్లో దుర్గేష్ గొంతు సెల్లారంతా మోగింది. "బల్కంపేటల ఒకడున్నడు, సురేశన్నా జర ఆగు!" కాకినాడ యాసలో తెలంగాణ మాట. ఈసారి ఎవరూ నవ్వలేదు. తాను చచ్చాక కూడా చెబుతూనే ఉన్నాడు. వేళ్లూ నోరూ రెండూ ఉన్నవాడి ముందు కృష్ణానగర్ ఎంతసేపు నిలుస్తుంది?

గెలిచారు. దుర్గేష్‌ను కుర్చీతో సహా పైకెత్తేశారు. ఓదెలు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. సంతోషం నిజమే, లోపల మంటా నిజమే.

"మస్తు ఆడిండు పిలగాడు! గిసొంటోడు మనకు ఎన్నడు దొరకలె!" అని అరిచాడు రాజనర్సయ్య.

"నేనే నేర్పిన" అన్నాడు ఓదెలు. మళ్లీ అన్నాడు, ఈసారి గట్టిగా. ఆ గోలలో ఒక్కడూ తిరిగి చూడలేదు. ఆ సెల్లార్లో ఓదెలు చెప్పిన మాట ఎవరికీ వినపడకపోవడం ఐదేళ్లలో అదే మొదటిసారి.