ఇంటి మీద కళ్లం

మా అమ్మ మేడని మేడ అనదు, డాబా అనదు. కళ్లం అంటుంది. కళ్లం మీదికి పోయి కాయ తిరగేసి రమ్మని ఆమె కేకేస్తే, పంతులుగిరీ వెలగబెడుతున్న నేను కూడా లుంగీ ఎగ్గట్టి మెట్లెక్కాల్సిందే. ఆ అలవాటుకి కారణముంది. ప్రత్తిపాడు చుట్టుపక్కల మిరప కోతలకి ఆమె పోని చేను లేదు. కోసిన కాయను ఆసాముల కళ్లాల్లో పరిచి, ఎండకి తిరగేసి, ముచ్చికలు తుంచి, తెల్లబారిన తాలుకాయ ఏరి, సాయంత్రానికి మంటెత్తే చేతులతో ఇంటికొచ్చేది. ఆ చేతులతో కలిపితే మాకు నోరు మండుతుందని అన్నం గరిటెతో పెట్టేది. ఆసామి అంటే ఆమె దృష్టిలో కళ్లం ఉన్నవాడు. మేం లేనివాళ్లం.

నాకు బడిపంతులు ఉద్యోగం వచ్చి, ఆమె పేరున ఉన్న పట్టా స్థలంలో ఇల్లు కట్టినప్పుడు అమ్మ ఒకటే అడిగింది. పైన గదులు వేయొద్దు, దక్షిణం వైపు ఎండకి ఏదీ అడ్డం రాకూడదు. చేలో కొనుక్కొచ్చిన పండు మిరపకాయ మేడ మీద మొదటిసారి పరిచిన రోజు పాస్టరుగారిని పిలిచి ప్రార్థన చేయించింది. గృహప్రవేశానికి కూడా అంత హడావుడి చేయలేదు.

అంతలో మా ఊరు మున్సిపాలిటీలో కలిసింది. కలిస్తే కుళాయి నీళ్లు వస్తాయన్నారు, మురుగు కాలవలు వస్తాయన్నారు. అన్నిటికంటే ముందు సర్క్యులర్ వచ్చింది. కొత్తగా కట్టిన ఇంటికి పక్కా కరెంటు మీటరు కావాలంటే మేడలో మూడో వంతు సోలార్ పలకలు ఉండాలట. కరెంటు కావాలంటే ముందు కరెంటు నువ్వే తయారు చేసుకోవాలన్న మాట. ఎండ మాకు కొత్తా? రోళ్లు పగిలే ఎండలు మావి. దాన్ని వాడుకోండయ్యా అని మాకు బోధించిన ఆఫీసు మేడ మీద మాత్రం విరిగిన కుర్చీలు, పాత ఫ్లెక్సీలు తప్ప ఒక్క పలక లేదు. కరెంటు పోతే అక్కడ డీజిల్ జనరేటరు మోగుతుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

సర్వేకి ఒకాయన ట్యాబు పట్టుకుని వచ్చాడు. అప్పుడు నేను బడిలో ఉన్నాను. మేడను ప్రస్తుతం దేనికి వాడుతున్నారని ఆ ట్యాబులో ఒక ప్రశ్న ఉందట. మా అమ్మ ఉన్నమాట చెప్పింది: "అది నా కళ్లం అయ్యా." ఆయన అదే మాట ఎక్కించుకుని పోయాడు. నిజం చెబితే ఏమవుతుందో నెల తిరక్కుండానే నోటీసు రూపంలో తెలిసింది. మీ మేడ మీద వ్యవసాయ భూమి ఉంది, వ్యవసాయ భూమిలో అనుమతి లేకుండా ఇల్లు కట్టారు, కాబట్టి మీటరు అర్జీ తిరస్కరిస్తున్నాం అని దాని సారాంశం.

నోటీసు పట్టుకుని ఆఫీసుకి వెళ్లాను. గుమస్తాగారు చాలా మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, రికార్డు తెరిచి, "కళ్లం అని ఉందండి. కళ్లమంటే వ్యవసాయమేగా మాస్టారూ" అన్నాడు. ఇల్లు కింద ఉంది, కళ్లం పైన ఉంది, పైనున్నదాంట్లో కిందది ఎలా కడతామండీ అని అడిగాను.

"అదేనండి చిక్కు. భూమి మీద ఇల్లుంటే మాకు రూలుంది. ఇంటి మీద భూమి ఉంటే పైకి రాయాలి."

పైకి రాసింది ఎన్నాళ్లకి కిందికొస్తుందో నాకు తెలుసు. నా సర్వీసు పుస్తకం ఒకటి అలాగే పైకి వెళ్లి అక్కడే ఉంది. దగ్గరదారి కూడా ఆయనే చెప్పాడు. నాకు కళ్లమేమీ లేదు, పలకలు బిగించుకుంటాను అని ఇంటి యజమానురాలు సంతకం పెట్టి ఇస్తే వారంలో మీటరు.

ఆ కాగితం నేనే రాశాను. దస్తూరి బాగుంటుందని పేరున్నవాణ్ని. ఇంటికొచ్చి అమ్మకి చదివి వినిపించాను. ఆమెకు సంతకం ఒక్కటే వచ్చు, అదీ నేను నేర్పిందే. మరి వాళ్లు పంపిన కాయితంలో ఏముందని అడిగింది. కళ్లం ఉందని ఉంది అన్నాను.

"లేదని యాభయ్యేళ్లు నేను చెప్తానే ఉన్నా గదరా. ఇయ్యాల సర్కారోళ్లే ఉందని రాస్తే, లేదని నేనెందుకు సంతకం పెట్టాల?"

నాకు కోపమొచ్చింది. ఇల్లు కట్టేటప్పుడు ఇచ్చిన తాత్కాలిక మీటరు పీకేస్తారని, నీళ్ల మోటారు తిరగదని అరిచాను. కళ్లం లేదు, గిళ్లం లేదు, అది సిమెంటు డాబా అని అరిచాను. తరగతిలో ఎంత అల్లరి పిల్లాడి మీదా అంతగా నోరు పారేసుకున్న గుర్తు లేదు. ఆమె సంతకం పెట్టింది. ఒక్కో అక్షరం నేను నేర్పినట్టే గుండ్రంగా రాసింది. అది చూసి నాకు సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తుంది.

పలకలు వచ్చాయి. సూర్యుడి సంగతిలో మా అమ్మదీ మున్సిపాలిటీదీ ఒకటే మాట: దక్షిణం వైపే మంచిదన్నారు బిగించేవాళ్లు. మిగతా రెండు వంతులూ మీవేగా అన్నారు. అందులో ఒక వంతు మీద నీళ్ల ట్యాంకు నీడ, ఇంకో వంతు మీద పలకల నీడ. ఆ ఏడు కాయ సరిగా ఆరక సగం తాలైపోయింది. అధికారులు వచ్చి అమ్మని పలకల పక్కన నిలబెట్టి ఫోటో తీసుకున్నారు. ఇప్పుడామె ఆఫీసు గేటు దగ్గర ఫ్లెక్సీలో ఉంది, నెత్తిమీద 'ఎండే మన ఆస్తి' అని రాసి. కరెంటు బాగానే వస్తోంది, ఆ మాట ఒప్పుకోవాలి. ఫ్యాను కింద కూర్చునే ఇది రాస్తున్నాను.

ఈ ఏడు ఎండుకాయ బజార్లో కొన్నాం. అమ్మ పలకల కింద చాప వేసుకుని ముచ్చికలు తుంచుతోంది. "ఆసాముల కళ్లాల్లో కాస్త నీడ ఉంటే బాగుండని ఏడ్చేవోళ్లం. నా కళ్లంలోకి వచ్చింది చూడు ఇప్పుడు," అంది.

పాత నోటీసు వాపసు ఇమ్మని గుమస్తాగారు అడిగితే పోయిందని చెప్పాను. అది ఆమె బైబిల్లో ఉంది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక అప్పుడప్పుడు బయటికి తీసి, ఆ ఒక్క ముక్క చదవమంటుంది. గొంతు సవరించుకుని చదువుతాను: "సదరు ఆసామికి మేడపై కళ్లము కలదు."