మూడుసార్లు లాగితే

మా తాత ఫిలెమోన్ పొట్ట సంగతి మా మదేరో ఊళ్ళో తెలియనివాడు లేడు. చర్చిలో బల్ల చివర ఆయన కోసం ఇద్దరి చోటు వదిలేవారు. ఆయన పని మారింది కూడా ఆ పొట్ట వల్లనే. రిఫైనరీలో చమురు ట్యాంకుల అడుగున పేరుకున్న మడ్డిని పన్నెండేళ్ళు తోడిన మనిషి ఒకరోజు మ్యాన్‌హోల్‌లో దూరబోయి సగంలో ఇరుక్కుపోయాడు. నలుగురు కాళ్ళు పట్టుకుని వెనక్కి ఈడ్చారు. మేస్త్రీ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, "ఇక నువ్వు బయట కూర్చో. లోపలివాళ్ళ తాళ్ళు పట్టుకో" అన్నాడు.

అది కూర్చుని చేసే పనే గానీ సుఖమైన పని కాదు. లోపలికి వెళ్ళేవాడి నడుముకు తాడు, మొహానికి మాస్కు, ఆ మాస్కుకు బయట కంప్రెసర్ నుంచి గాలి గొట్టం ఉంటాయి. లోపల మోకాలి లోతు మడ్డి. ట్యాంకు ఖాళీ అయ్యాక కిందికి దిగిన పైకప్పును మోస్తూ చీకట్లో వందకు పైగా ఇనుప కాళ్ళు నిలబడి ఉంటాయి. అరుపులు ఇనుము మీద కొట్టుకుని ముక్కలైపోతాయి కనుక నమ్ముకునేది తాడునే. ఒకసారి లాగితే బాగున్నానని. రెండుసార్లు లాగితే తాడు వదులు చెయ్యమని. మూడుసార్లు లాగితే నన్ను బయటికి లాగెయ్యమని. తాడు పట్టుకున్నవాడికి నియమం ఒక్కటే. లోపల ఏం జరిగినా తను వెళ్ళకూడదు, మాస్కు లేనివాణ్ణి ఎవణ్ణీ వెళ్ళనివ్వకూడదు.

ఒక ఏడాది ఆగస్టులో తాత చేతిలో ఉన్నది బామ్మర్ది తాడు. క్రిస్పిన్ మా నానమ్మ ఒతీలియాకు ఒక్కగానొక్క తమ్ముడు. మాట్లాడకుండా ఉండమంటే కడుపు ఉబ్బే రకం. లోపలికి దూరేముందు మ్యాన్‌హోల్ అంచు మీద చెయ్యి వేసి అన్నాడు.

"బావా, పొరపాటున కూడా నువ్వు లోపలికి రాకు. వస్తే మడ్డి మట్టం పెరుగుతుంది."

"నువ్వు ముందు బయటికి రా. మట్టం సంగతి నీ నెత్తి మీద చెప్తా."

"అక్క నాకూ ఒక తోర్తా రొట్టె కట్టి పంపిందిగా? అది నువ్వు తిన్నావని నాకు తెలుసు. నీ మీసం మీద జున్ను ఉంది."

తాత మీసం తుడుచుకున్నాడు. జున్ను లేదు. క్రిస్పిన్ నవ్వుతూ మాస్కు తగిలించుకుని చీకట్లోకి పోయాడు. బయట మడ్డిని పీల్చే లారీ దగ్గర అతని కొడుకు అబుండియో కూడా నవ్వాడు.

పదకొండు గంటలకు క్రిస్పిన్‌తో జతగా వెళ్ళినవాడు నీళ్ళకని బయటికొచ్చాడు; వస్తూ ఇనుప అంచు తగిలి అతని గాలి గొట్టం చిరిగిపోయింది. క్రిస్పిన్ కూడా వెంటనే రావాలి. రాలేదు. అదిగో ఆ మూల మడ్డి కాస్త తోసి వస్తానన్నాడట. మాస్కు అద్దం చెమటకు మసకబారి ఉంటుంది, పైకెత్తి ఉంటాడు. చీకట్లోంచి అతని గొంతు ఏ గుడ్డా అడ్డం లేనట్టు తేటగా వినిపించింది.

"బావా! వాసన పోయింది! మా అక్క వంటిల్లు కూడా ఇంత శుభ్రంగా ఉండదు!"

తాత దిగ్గున లేచాడు. మడ్డిని కదిపితే కుళ్ళిన గుడ్ల కంపు కొట్టే విషపు గాలి లేస్తుంది. కంపు కొడుతున్నంతసేపూ పరవాలేదు, ముక్కు పనిచేస్తోందని అర్థం. ఆ కంపు ఉన్నట్టుండి పోయిందంటే గాలి బాగుపడినట్టు కాదు, ముక్కు చచ్చిపోయినట్టు. పందొమ్మిదేళ్ళు పనిచేసిన క్రిస్పిన్‌కు ఇది తెలియదా? తెలుసు. కానీ ఆ గాలి ముక్కుతో పాటు బుద్ధినీ మొద్దుబారుస్తుంది.

"మాస్కు పెట్టుకోరా! ఒరేయ్, మాస్కు!"

లోపల నవ్వు వినిపించింది. తర్వాత బురదలో బస్తా పడ్డ చప్పుడు.

తాత తాడు లాగాడు. నాలుగు బారలు వచ్చి ఆగిపోయింది. అబుండియో పరిగెత్తుకొచ్చాడు, ఇద్దరూ కలిసి లాగారు. రాలేదు. ఏదో ఇనుప కాలికి చుట్టుకుంది. జతగాడు ఫైర్ స్టేషన్‌కు ఫోన్ చేయడానికి ఉరికాడు. గాలి సిలిండర్లు వీపున కట్టుకున్నవాళ్ళు గేటు అవతల నుంచి రావాలి.

"నేను వెళ్తా" అని అబుండియో చొక్కా విప్పేశాడు.

"మాస్కేదిరా?"

"ఊపిరి బిగబట్టి వెళ్ళొస్తా. పాతిక అడుగులే కదా మామయ్యా!"

అవతలి మ్యాన్‌హోల్‌కు గాలిపంకా బిగించి ఉంది. మిగిలిన దారి ఇదొక్కటే. తాత ఇంకేం ఆలోచించలేదు. తాడు చంకలో ఇరికించుకుని, గాలి గొట్టం నలగకుండా పక్కకు నెట్టి, వెనక్కి తిరిగి ఆ కంతలో కూలబడ్డాడు. ఊరంతా ఎగతాళి చేసిన పొట్ట, దాని వెనకున్న పిరుదులు సీసాకు బిరడాలా దిగిపోయాయి.

"లే మామయ్యా!"

"లేవను."

"లోపల మా నాన్నరా!" అబుండియో పెద్దాచిన్నా మర్చిపోయాడు. భుజం మీద గుద్దాడు, జుట్టు పట్టి లాగాడు, చివరికి మొహం మీద కొట్టాడు. తాత పెదవి చిట్లింది. చేతులు అడ్డం పెట్టుకోలేదు. రెండు చేతులూ తాడు మీదే ఉన్నాయి.

అప్పుడు తాడు కదిలింది. చేప కొరికినంత మెల్లగా. ఒకటి. రెండు. మూడు.

"కదిలింది! తాడు కదిలింది, చూశాను! ఏమంటున్నాడు?"

మళ్ళీ ఒకటి, రెండు, మూడు. తాత అబుండియో కళ్ళలోకి చూశాడు. ఉన్నది చెబితే వీణ్ణి ఆపడానికి తన పొట్ట కాదు, గోడ కట్టినా చాలదు.

"ఒకసారి లాగాడురా. బాగున్నానంటున్నాడు."

అబుండియో అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చాడు. తాత ఏడవలేదు. చంకలో తాడు మళ్ళీ కదులుతుందేమోనని చూశాడు. కదలలేదు.

పదకొండు నిమిషాలకు సిలిండర్లవాళ్ళు వచ్చారు. తాత లేవబోతే లేవలేకపోయాడు. ఇరుక్కుపోయాడు. అంతదాకా కొట్టిన అబుండియోనే రెండు చేతులూ పట్టుకుని బయటికి పీకాడు.

క్రిస్పిన్ బతికాడు. పడినప్పుడు మాస్కు మెడలోనే వేలాడుతూ గడ్డం కింద గాలి ఊదుతూ ఉందట, అందుకని. బతికాడు గానీ మనిషి తిరిగి రాలేదు. ఆసుపత్రి నుంచి తెచ్చి రేకుల పంచలో కుర్చీ వేసి కూర్చోబెడితే, ఎండ ఎటు జరిగితే అటు చూసేవాడు. మాట లేదు. ఇంటిముందు మిరపకాయలు మాడబెట్టినా తుమ్మేవాడు కాదు.

కొడుకు వెళ్ళి ఉంటే రెండు శవాలు వచ్చేవని మేస్త్రీ వచ్చి చెప్పాడు. నానమ్మ తల ఊపింది. అతను వెళ్ళాక తాత ముందు పళ్ళెం పెట్టి అంది.

"అంతా అర్థమైంది. నువ్వు మంచిపనే చేశావు. కానీ నా తమ్ముడు లోపలుంటే నువ్వు మూతలా కూర్చున్నావు. ఇది నా కడుపులోంచి పోదు ఫిలెమోన్."

తాత ఆ పళ్ళెం ముట్టుకోలేదు. ఆయన అన్నం వదిలేశాడంటే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు.

ప్రతి ఆదివారం రెండు తోర్తాలు పట్టుకుని బామ్మర్ది దగ్గరికి వెళ్ళేవాడు. ఒకటి విప్పి అతని ముక్కు కింద పట్టేవాడు. "వాసన వస్తోందా? ఇదిగో, పంది మాంసం. జున్ను కూడా ఉంది. నేను తినలేదు, చూడు." కాసేపాగి దాన్ని ముక్కలు చేసి నోట్లో పెట్టేవాడు. ఆ పక్క గోడకు ఆనుకుని అబుండియో నిలబడి ఉండేవాడు. కొట్టినందుకు క్షమాపణ అడగలేదు, పలకరించడమూ లేదు.

నవంబరులో ఒక ఆదివారం తాత లేచి వెళ్ళబోతుంటే చొక్కా వెనక ఏదో పట్టేసింది. క్రిస్పిన్ చెయ్యి. చొక్కా అంచు గుప్పిట్లో ఉంది. కళ్ళు ఎండ వైపే ఉన్నాయి. చెయ్యి మాత్రం లాగింది.

ఒకటి. రెండు. మూడు.

అబుండియో గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేశాడు. "ఏమంటున్నాడు మామయ్యా?"

వెనక్కి తిరిగితే ఆ పట్టు ఊడిపోతుందని తాత తిరగలేదు.

"మూడురా" అన్నాడు. "ఆ రోజు కూడా మూడే. రెండుసార్లు మూడు. నేను నీకు అబద్ధం చెప్పాను."

అబుండియో కొట్టలేదు. బయటికీ పోలేదు. తాత మాత్రం తన చేతులు ముందుకు చాచి, పట్టుకుని లాగడానికి ఏ తాడూ కనబడక, అలాగే నిలబడిపోయాడు. వెనక క్రిస్పిన్ చొక్కా వదల్లేదు.