నీడలోకి జరిగిన మంచం

ఆ కబురు మొదట నాకు తెచ్చింది మా పక్కింటి ఆదిలక్ష్మి. నేను పప్పుకు పోపు వేస్తున్నాను. గుమ్మంలోంచే కేకేసింది.

"వదినా, మీ హేమ బళ్ళో కళ్ళు తిరిగి పడిపోనాదట! మొకమంతా కందిపోనాది. ఆటోలో తెత్తన్నారు!"

హేమ నా కోడలు. సాక్చిలో ఒక బడిలో చిన్నపిల్లలకు లెక్కలు చెబుతుంది.

దేవుణ్ణి నమ్మినదాన్నే గానీ, దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నేను బడికి వెళ్ళలేదు. మా నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పారు. చూసింది చూసినట్టు రాయమనేవారు. అలాగే రాస్తున్నాను.

ఆటోలోంచి దించినప్పుడు హేమ ముక్కు మీదా రెండు బుగ్గల మీదా ఎర్రటి మచ్చలు పరుచుకుని ఉన్నాయి. ఒళ్ళు కాలిపోతోంది. వేళ్ళ కణుపులు వాచి మంచినీళ్ళ గ్లాసు కూడా పట్టుకోలేకపోయింది. చూడగానే చేతులు జోడించాను. ఇంట్లో అమ్మవారు పోసిందనుకున్నాను.

మా అబ్బాయి శ్రీను డాక్టరుకు చూపిద్దామని హిందీలో మొత్తుకున్నాడు. ఈ హిందీ ఊళ్ళో పెరిగినవాడు, కోపం వస్తే వాడికి తెలుగు రాదు.

"అమ్మోరొచ్చిన ఇంట్లో మందుబిళ్ళలేటిరా? మూడు పొద్దులు ఆగు" అన్నాను. పెద్దదాన్ని కాబట్టి వాడు నా మాట కాదనలేకపోయాడు.

మా అత్తగారి పద్ధతి ప్రకారమే అంతా చేశాను. సీతారాండేరాలో మాది చిన్న పెరడున్న ఇల్లు. పెరటి మధ్యలో, పొద్దుటి ఎండ బాగా పడేచోట ఇనుప మంచం వేయించాను. దాని మీద వేపాకు పరిచి హేమను పడుకోబెట్టాను. నాలుగు మంచంకోళ్ళలో ఒక్కొక్కదాని చుట్టూ బియ్యప్పిండీ పసుపూ కలిపి సున్నాలా సన్నటి ముగ్గు గీశాను. స్నానానికి వేపాకు వేసిన నీళ్ళు పక్కనే ఎండలో కాగుతున్నాయి.

రెండోరోజు పొద్దున పెరుగన్నం కలపడానికి లోపలికి వెళ్ళాను. మా ఆయన బజారులో ఉన్నారు, శ్రీను డ్యూటీలో ఉన్నాడు. బయటి నుంచి పెరట్లోకి వచ్చే తలుపుకు లోపల నేనే గడియ పెట్టాను.

తిరిగి వచ్చేసరికి మంచం గోడ పక్కన, నీడలో ఉంది. హేమ దాని మీద నిద్రపోతోంది.

ముగ్గులు మాత్రం పాతచోటే ఉన్నాయి. నాలుగు సున్నాలూ ఎక్కడా చెదరలేదు. నేల మీద ఈడ్చిన గీత ఒక్కటీ లేదు.

ఆదిలక్ష్మిని పిలిచాను. "ఏటి వదినా, మంచానికి నాలుగు కాళ్ళున్నాయి గదా, నడిసెల్లిపోయుంటాది" అని నవ్వింది. మంచం పట్టి లాగడం మొదలుపెట్టాక ఆ నవ్వు ఆగిపోయింది. మనిషి పడుకుని ఉన్న మంచాన్ని మళ్ళీ ఎండలోకి తేవడానికి ఇద్దరికీ ఆయాసం వచ్చింది. సిమెంటు నేల మీద నాలుగు చారలు పడ్డాయి.

హేమను అడిగితే, "చల్లగా అనిపించింది, మీరే జరిపారనుకున్నాను అత్తయ్యా" అంది.

మళ్ళీ ముగ్గులు వేశాను. మూడోరోజు లోపలికి వెళ్ళలేదు. మంచానికి నాలుగడుగుల దూరంలో పీట వేసుకుని బియ్యం ఏరుతూ కూర్చున్నాను. చేటలో ఒక రాయి కనిపిస్తే తీసి వెనక్కి విసిరాను. అంతసేపే. తలెత్తేసరికి ఎదురుగా ఖాళీ నేల, చెదరని నాలుగు ముగ్గులు. మంచం నీడలో ఉంది. చప్పుడన్నదే లేదు.

భయం వేసిందా అంటే, వేయలేదు. సిగ్గేసింది. ఎవరో నా చెయ్యి పట్టుకుని, చాలు ఇక ఆపు అన్నట్టు అనిపించింది. దగ్గరికి వెళ్ళి ఉబ్బిన హేమ పాదం నొక్కి చూస్తే వేలు దిగబడింది, ఆ గుంట అలాగే ఉండిపోయింది. మంచం మళ్ళీ ఎండలోకి లాగలేదు. శ్రీనుకు ఫోన్ చేసి ఆటో తెమ్మన్నాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆ మచ్చలు చూడగానే మొదట అడిగింది ఎండ గురించే. ధూప్‌లో కూర్చోబెట్టారా అంది. దాచకుండా చెప్పాను. అందరి ముందూ నన్ను గట్టిగానే మందలించింది. తర్వాత కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. దీని పేరు లూపస్. జబ్బులు రాకుండా కాపాడే శక్తి మనందరి ఒంట్లో ఉంటుంది కదా, అదే దారి తప్పి సొంత ఒంటి మీదే పడుతుందట. కీళ్ళు, చర్మం, మూత్రపిండాలు, దేన్నీ వదలదట. అంటుకునే జబ్బు కాదు. ఎండ తగిలితే మరీ రేగుతుంది. పరీక్షలు చేస్తే అది హేమ మూత్రపిండాల దాకా అప్పటికే పాకిందని తేలింది. ఇంకా ఆలస్యం చేసి ఉంటే అవి దక్కేవి కావంది.

తప్పు నాది, అమ్మవారిది కాదు. ఆ తల్లికి రోజూ దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను.

ఆ నెలల్లో హేమ జుట్టు ఊడింది. మందులకు ముఖం ఉబ్బింది. నన్ను ఒక్క మాట అనలేదు. నేనే ఏడిస్తే, "మీరు ఆటో పిలవబట్టే కదా అత్తయ్యా బతికాను" అంది. ఈ రోజు ఆమె మూత్రపిండాలు బాగున్నాయి. బిళ్ళలు తప్పకుండా వేసుకుంటుంది, నిండు చేతుల జాకెట్టు, గొడుగు లేకుండా గడప దాటదు. మళ్ళీ బడికి వెళ్తోంది. ముఖం మీద అలాంటి మచ్చలున్న పిల్ల కనిపిస్తే వాళ్ళమ్మను తనే వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది. అలా ఇద్దరిని తీసుకెళ్ళింది.

గోల్‌మురిలో ఒక పెళ్ళిలో మా వాళ్ళలో ఒకావిడ, "రోగిష్టి కోడలు దొరికిందేటి నీకు" అన్నారు నాతో. నేను నోరు విప్పేలోపే హేమ నవ్వుతూ అందుకుంది. "ఎండకైతే గొడుగుంది పెద్దమ్మా, మీ మాటలకే ఏటి పట్టుకోవాలో తెలీట్లేదు."

పక్కనున్న వాళ్ళంతా నవ్వారు. నాకైతే ఇది నా కోడలు అని పందిట్లో అందరికీ చెప్పుకోవాలనిపించింది.

మంచం సంగతి విన్నవాళ్ళు చాలా చెప్పారు. నేల వాలుగా ఉందన్నారు. నీళ్ళు పోసి చూశాను, నీళ్ళు గోడ వైపు కాదు, దానికి ఎదురువైపు పోయాయి. చనిపోయిన మా అత్తగారే వచ్చారని ఆదిలక్ష్మి అంటుంది. నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

జరిపింది ఎవరో తెలియదు కనుక వారి పేరున దణ్ణం పెట్టమని మిమ్మల్ని అడగలేను. తెలిసిన పేరు ఒకటే ఉంది. మీరు ఏ దేవుణ్ణి కొలిచేవారైనా సరే, ఈ రోజు ఒక్కసారి మా హేమను తలుచుకోండి.