పందేనికి వచ్చిన నలుగురు

మీకిప్పుడొక మహాగాథ చెప్పబోతున్నాను. ఇందులో రథాలున్నాయి, ధూళి ఉంది, తండ్రీకొడుకుల వైరం ఉంది, చచ్చి బతికినవాడు కూడా ఉన్నాడు.

అంత లేదు లెండి. రథాలు సెకండ్ హ్యాండ్ బైకులు. యుద్ధభూమి గాజువాక అవతల, ప్లాట్లు అమ్ముడుపోని ఒక లేఅవుట్లోని తారు రోడ్డు. ఓనరు ఆదివారాలు వాడుకోమన్నాడు. రెండు బళ్లు పక్కపక్కన నిలబడతాయి, జెండా పడగానే తిన్నగా పోతాయి. డ్రాగ్ రేసంటే అంతే. మీరు తుమ్మి ముక్కు తుడుచుకునేలోపు అయిపోతుంది.

ఇదంతా నడిపేది బావ. చుట్టరికమేమీ లేదు, మా వైపు టీకొట్టు దగ్గర పక్కన నిలబడినవాడు కూడా బావే. అతనికి బైకుల షెడ్డుంది, నాకు మైకుంది. నేను కామెంటరీ చెప్పేది ఎవరికంటే, బళ్ల వెనక కూర్చుని వచ్చిన ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లకి, మేతకొచ్చిన ఆవులకి. ఆవులు కూడా మధ్యలో లేచిపోయేవి.

బావ వాళ్ల నాన్న పోర్టులో క్రేన్ నడుపుతాడు. కొడుక్కి అక్కడే పని చూపిస్తే, వీడు మానేసి షెడ్డు పెట్టాడు. అప్పటినుంచి మాటల్లేవు. అటూ ఇటూ మాటలు మోయడానికి తల్లి కూడా లేదు. ఆయన ఆఖరుసారి అన్న మాట ఇది: "సూడ్డానికి నలుగురు రాని పందెం పందెమేట్రా? నలుగురొచ్చిన్నాడు కబురెట్టు, నానూ వొత్తాను."

ఆయన తిట్టాడు. బావ దాన్ని మాటిచ్చినట్టు తీసుకున్నాడు.

అందుకని ఆ నెల జనాన్ని రప్పించాలని కూర్చున్నాం. షామియానా వేద్దామన్నాను. వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. పులిహోర పెడితే మనవాళ్లు ఎంత దూరమైనా వస్తారు. జంక్షన్లో ఫ్లెక్సు కట్టించాం. బావకి ఫారిన్ రేసుల పోస్టర్ల మోజు, తన ఫొటో నలుపు తెలుపులోనే ఉండాలన్నాడు. ఖాళీగా ఉందని ఫ్లెక్సు షాపతను చుట్టూ పూల బోర్డరు వేశాడు. పక్కన పేరు, తేదీ, చోటు, 'భోజనాలు కలవు'. కింద బండి బొమ్మ.

"అదిరింది బావా!" అన్నాను. నిజంగానే అదిరింది. మా ఊళ్లో అలాంటి ఫ్లెక్సుకి ఒకటే అర్థం. బండి బొమ్మతో కారణం కూడా చెప్పేశాం.

ఆదివారం పొద్దున్నే జనం వచ్చారు. ఎప్పుడూ చూడనంత మంది. ఎవరూ ఈల వెయ్యలేదు, గోల చెయ్యలేదు, వచ్చి తలలు వంచుకుని కుర్చీల్లో కూర్చున్నారు. ఎంత క్రమశిక్షణ గల ప్రేక్షకులో అని మురిసిపోయాను. అప్పుడు షేర్ ఆటో ఆగింది. నైట్ షిఫ్టు దిగిన పోర్టు వాళ్లు దిగారు. ఒకాయన చేతిలో బంతిపూల దండ. అందరి వెనక బావ వాళ్ల నాన్న, ఇంకా డ్యూటీ బట్టల్లోనే.

బావ హెల్మెట్ తీశాడు. ఎవరో "ఓలమ్మో!" అన్నారు.

ఆయన దగ్గరికొచ్చి కొడుకు భుజం పట్టి నొక్కి చూశాడు, కూరగాయ బేరం చేసినట్టు.

"బతికే ఉన్నావేట్రా?"

"ఉన్నాను నాన్నా."

"మరా బేనర్లో పూలేటి?"

"బోర్డరు నాన్నా."

దండ తెచ్చినాయన దాన్నెక్కడ పెట్టాలో తెలీక బైకు హ్యాండిల్‌కి వేశాడు.

"సూడు, నలుగురొచ్చారు," అన్నాడు బావ. "ఒక్కటి సూసెల్లు నాన్నా."

ఆయన ముందు వరసలో కూర్చున్నాడు. జెండా పడింది. బళ్లు అరిచాయి. మైకు నా చేతిలో ఉంది గాని నేను రోడ్డు చూడలేదు, ఆయన్నే చూశాను. భుజం మీది తువ్వాలు ముఖానికి కప్పుకున్నాడు. తువ్వాలు కింద భుజాలు కదులుతున్నాయి. అది తీసేసరికి రోడ్డు మీద పొగ తప్ప ఏమీ లేదు.

బావ గెలిచి తిరిగొచ్చాడు. "సూసావా?"

"సూసాను," అన్నాడాయన. "బాగుంది. ఎల్తాను, నిద్దరొత్తంది."

పులిహోర అయ్యేదాకా జనం ఉన్నారు.

ఆయన చూడలేదని నేను బావకి చెప్పలేదు. జోకులేసేవాడి నోట నిజం ఎవరు నమ్ముతారు? తర్వాతి పందేనికి రంగుల ఫ్లెక్సు వేయించాం, పులిహోరతో పాటు గారెలు కూడా పెట్టాం. నాన్నకి బావ కబురు కూడా పంపాడు. ఆవులొచ్చాయి. ముందు వరసలో ఒక కుర్చీలో బావ ఎవర్నీ కూర్చోనివ్వలేదు. ఎండ నెత్తికెక్కాక తనే దాన్ని షామియానా నీడలోకి లాగి, అందులో కూర్చున్నాడు.

"మళ్లీ సచ్చిపోవాలేటి బావా?" అన్నాడు నాతో.

నేను గారెల పళ్లెం అతని ముందు పెట్టాను.

ఇంకా అడపాదడపా పందేలు జరుగుతూనే ఉన్నాయి. ఆ నలుపు తెలుపు ఫ్లెక్సు మాత్రం షెడ్డు కప్పు మీద పరిచాం, వానకి కారుతోందని. అచ్చు వైపు కిందికి పెట్టి పరవాలి. అలా అయితే ఎండకి బావ ఫొటో తొందరగా వెలిసిపోదు.