తడి చొక్కా మావయ్య

మా అమ్మ తమ్ముడు, నేను మావయ్యా అని పిలిచే మనిషి, మొన్న ఏప్రిల్లో మిరపకాయల కల్లంలో పడిపోయి చనిపోయాడు. వడదెబ్బ అన్నారు. "నీళ్లు పోసేసరికే ఒళ్లు పెనంలా ఉందమ్మా" అని అత్తయ్య ఫోన్లో ఏడ్చింది. ఫోన్ పెట్టేసి నేను ముందు మా అబ్బాయి ఎక్కడున్నాడా అని చూశాను. ఎండ కబురు ఏది విన్నా నా మనసు వాడి దగ్గరికే పరుగెత్తుతుంది.

మావయ్యకి చెమట పట్టేది కాదు. పుట్టుకతోనే అంతే. పలచటి జుట్టు, పొడి చర్మం, నోట్లో మొత్తం మీద నాలుగు పళ్లు, అవీ మొనదేలి ఉండేవి. కనిగిరి వైపు మెట్ట ఊరు మాది. అక్కడి ఫ్లోరైడు నీళ్లకి పళ్లు గారపట్టడం, నడుములు వంగిపోవడం అందరూ ఎరిగిందే. అందుకని ఆయన నోరు చూసినవాళ్లంతా "ఈ నీళ్లంతేలే" అనేసేవారు. పళ్లు రాకపోవడానికి నీళ్లని తిట్టాం. చెమట పట్టకపోతే ఒళ్లు వంచడన్నాం. రెండూ ఒకటే జబ్బని ఎవరికి తోస్తుంది?

కూలికి వెళితే మేస్త్రీ అరిచేవాడు. "అందరి చొక్కాలూ పిండితే నీళ్లు కారుతున్నాయి, నీది అట్టలా ఉంది. పొద్దుటినుంచీ ఏం చేశావురా?" నిజానికి అందరికన్నా ముందు సాలు ముగించేది ఆయనే, ఎండ ముదరకముందే ఇల్లు చేరాలని. చొక్కా బిందెలో ముంచి తొడుక్కుంటే "దొంగ చెమట" అని నవ్వేవారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆయనా నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది.

చెక్కలంటే ఆయనకి ప్రాణం. అత్తయ్య రోట్లో దంచి గిన్నెలో పోసిస్తే స్పూనుతో తినేవాడు. "మీరు నోట్లో నమిలేది నేను రోట్లో నమిలిస్తున్నా, అంతేగా" అనేవాడు.

మా అబ్బాయికి పుట్టినప్పటినుంచీ ప్రతి వేసవిలో జ్వరమే. మందులకి తగ్గదు, తడిగుడ్డ చుడితే తగ్గుతుంది. నడకొచ్చి, మాటలొచ్చినా పళ్లు రాలేదు. ఒంగోలులో పళ్ల డాక్టరమ్మ వాడి నోరు చూసి, చర్మం చూసి, "మీ పుట్టింటి వైపు చెమట పట్టని మగవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. మావయ్య సంగతి చెప్పాను. తల్లుల ద్వారా కొడుకులకి వచ్చే అరుదైన జబ్బట. నాకూ రెండు పళ్లు మొదటినుంచీ లేవు, అదీ నీళ్ల వల్లే అనుకున్నాను. పూర్తిగా నయం కాదు, ఎండ నుంచి కాపాడుకోవాలి అంది.

మావయ్యకి చెప్పాను. "వీడికి నా నుంచి వచ్చిందా అమ్మాయ్?" అన్నాడు.

"కాదు మావయ్యా. అమ్మమ్మ నుంచి అమ్మకి, అమ్మ నుంచి నాకు."

"అయితే మా అమ్మ మాట ఎక్కడా ఎత్తమాక. పిచ్చిది, నాకు పళ్లు రావాలని ఎన్ని మొక్కులు మొక్కిందో."

ఆ వేసవి నుంచి మా వాడికి ఆయనే గురువు. ఒళ్లు తడుపుకోడానికి నీళ్ల సీసా మూతకి చిల్లులు పొడిచి ఇచ్చాడు. "ఒరేయ్ మనవడా, ఎండ దగ్గర మొహమాటపడమాక. బళ్లో అయినా పెళ్లిలో అయినా నెత్తిన పోసుకో. నవ్వితే నవ్వనీ." ఇవాళ మా వాడు బళ్లో తడి చొక్కాతో తలెత్తుకుని కూర్చుంటున్నాడంటే ఆ మాట చలవే.

అంత చెప్పిన మనిషి ఆ రోజు ఏం చేశాడు? ఎండిన కాయ బస్తాలకెత్తే పని. తడి తగిలితే కాయ బూజు పడుతుంది. "తడి చొక్కాతో కుప్ప మీదికి రావద్దు" అన్నాడట రైతు. ఆయన పంట భయం ఆయనది. మావయ్య చొక్కా విప్పి గట్టున ఆరేసి, ఎవరిదో పొడి చొక్కా అడిగి తొడుక్కుని పనిలోకి దిగాడు. నా వల్ల కాదని ఇంటికి వచ్చేయొచ్చు. రాలేదు. దుఃఖంతో పాటు నాకు ఆయన మీద కోపం కూడా ఉంది, ఇంకా తగ్గలేదు.

మేం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. వాకిట్లో టెంటు కింద, అద్దాల ఫ్రీజర్ పెట్టెలో మావయ్య ఉన్నాడు. మా వాడు తిన్నగా వెళ్లి, రెండు చేతులూ చాచి పెట్టెని వాటేసుకుని, చెంప అద్దానికి ఆనించాడు. ఎంతకీ లేవలేదు. "తాతంటే ఎంత ప్రాణమో పసివాడికి" అని ఆడవాళ్లు గొల్లుమన్నారు. ప్రాణమే, కాదనను. కానీ వీపు మీద చెయ్యి వేసి చూస్తే వాడి ఒళ్లు కాలిపోతోంది. ఎవరో లేపబోయారు. "ఉండనివ్వండి" అన్నాను. ఆ చెంప చల్లబడ్డాక వాడు తల ఇటు తిప్పి, రెండో చెంప ఆనించాడు.