గల్లీ కొలిస్తే పెండ్లి మాట వచ్చింది

చక్కెర ఫ్యాక్టరీ వచ్చినప్పటి నుంచి మా బోధన్ గల్లీలో చెరుకు బండ్లు ఇరుక్కుపోతున్నాయి. సెలవుల్లో మీ ఊరి సమస్య ఒకటి పరిశీలించి రమ్మని బడిలో టీచరమ్మ చెప్పింది కాబట్టి నేను దాన్నే ఎంచుకున్నాను. ఇవాళ మధ్యాహ్నం ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, ఈ గోడ నుంచి ఆ గోడకు తాడు పట్టి గల్లీ వెడల్పు కొలిచాను. ఎదురింటి అవ్వ చూసి ఏందని అడిగింది. భయపడి, జవాబు చెప్పకుండా లోపలికి పరుగెత్తాను.

మా దగ్గర గల్లీలో తాడు పట్టేది పెండ్లి పందిరికే. సాయంత్రానికి అవ్వ మా ఇంట్లో ఉంది.

"పిల్ల పెండ్లట గద! పిలగాడు ఏ ఊరోడు?"

నేను బెదిరి మా బాపు వైపు చూశాను. పెండ్లంటే నా బడి బందే. బాపు నా మొహం చూసి నవ్వాపుకున్నాడు.

"పందిరి ఏడేస్తమవ్వా? చెరుకు బండ్లొస్తే మనిషి పోనీకే తొవ్వ లేదు."

"గదీ నిజమే. గల్లీ ఎడల్పయ్యేదాంక ఆగుండ్రి" అని అవ్వ లేచింది.

అందుకే సమస్యను వివరంగా రాస్తాను. గల్లీని వెడల్పు చేసే ఉపాయం మాత్రం నా చదువు పూర్తయ్యాకే చెప్తాను. మీరైతే ఇప్పుడే చెప్పేస్తారా?